శకటశయనము: టీకా తాత్పర్య సహితము

మూలము

ఆ. తొట్టి నింపి పాత దుష్టతైలము మార్చి
బ్యాటరీని విప్పి బల్లఁ బెట్టి
బ్రేకు విడిచి గుడ్డ పెంపారఁ గప్పినన్
మంచు కరఁగుదాఁక మరపు మేలు.

అవతారిక: మిషిగన్ రాష్ట్రమున, డిట్రాయిట్ నగరమున నివసించు తెలుగు గృహస్థు డొకడు, ఆ ప్రక్కనే డియర్‌బోర్న్‌లో తయారై 1964 ఏప్రిల్ 17న లోకమునకు పరిచితమైన ఫోర్డ్ మస్టాంగ్ వంశపు ముదుసలి కారును ప్రాణసమానముగా పోషించుచుండ, హేమంతము ప్రవేశించి, ఆ నగరము క్రిందనే వేయి అడుగులకు మించిన లోతున త్రవ్వబడు రాతియుప్పువంటి ఉప్పు రోడ్లపై చల్లబడుటచే, ఉక్కుమేని వాహనమునకు త్రుప్పుభయము సంప్రాప్తము కాగా, ఏమి చేయుదునని కుందు నతనికి అజ్ఞాతకవి యొకడు చేసిన హితోపదేశ మిది.

ప్రతిపదార్థము: తొట్టి నింపి = పెట్రోలు ట్యాంకును మూతివరకు నింపి; పాత దుష్టతైలము = వేసవియెల్ల ఇంజినులో కాగి ఆమ్లత్వమొందిన ఆయిలును; మార్చి = ఫిల్టరుతో గూడ తీసి క్రొత్తది వేసి; బ్యాటరీని విప్పి = ముందు నెగెటివు తీగను, పిదప పాజిటివు తీగను ఊడదీసి; బల్లఁ బెట్టి = ఇంటిలోని బల్లపై చేర్చి; బ్రేకు విడిచి = హ్యాండ్ బ్రేకు వేయక, చక్రములకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టి; గుడ్డ = గాలియాడు బట్టను; పెంపారన్ = నిండుగా; కప్పినన్ = కప్పినచో; మంచు కరఁగుదాఁకన్ = వసంతము వచ్చువరకు; మరపు = మరచియుండుట; మేలు = శ్రేయస్కరము.

తాత్పర్యము: చేయవలసినది ఒక పూట పని, చేయకుండవలసినది నాలుగైదు మాసముల పని.

విశేషములు: వెలితి ట్యాంకులోని గాలి చల్లబడి గోడలపై చెమ్మగా దిగును, ఎథనాల్ కలిసిన పెట్రోలు ఆ చెమ్మను ఆసక్తితో పీల్చుకొనును. పెట్రోలు చెడకుండ పోయు స్టెబిలైజరును, రేడియేటరులో నీటితో సమపాళ్లుగా నుండవలసిన యాంటీఫ్రీజును కవి పేర్కొనకున్నను, అధ్యాహారము చేసికొనవలెను. ఛార్జి నిండిన బ్యాటరీ సున్నకు దిగువ 50 డిగ్రీల సెల్సియస్ చలికిని గడ్డకట్టదు. ఛార్జి దిగినది 10 డిగ్రీల చలికే గడ్డకట్టి పగులవచ్చును. హ్యాండ్ బ్రేకు వేసి యుంచిన బ్రేకుషూ డ్రమ్మును కరచుకొని వసంతమున వదలనని మొరాయించును. ఎయిర్ ఫిల్టరులో గూడుకట్టు ఎలుకలనుగూర్చి కవి యేల మౌనము వహించెనో ఊహింపజాలము. సైలెన్సరు మూతికి ఉక్కుపీచు కూరుట శిష్టాచారము.

పూర్వపక్షము: వారమున కొకసారి ఇంజిను ఐదు నిమిషములు నడుపవలెనని కొందరందురు.

సిద్ధాంతము: ఇది ప్రేమాతిశయజనితమగు భ్రాంతి. లీటరు పెట్రోలు మండిన సుమారు లీటరు నీరు పుట్టును. దూరప్రయాణమున కాగిన గొట్టముగుండ నది ఆవిరియై పోవును. ఐదు నిమిషములకే ఆపిన చల్లని సైలెన్సరులోను, ఇంజిను ఆయిలులోను నిలిచిపోవును. కావున ప్రతి ఆదివారము కవరు తొలగించి తాళము త్రిప్పు భక్తుడు, ఉప్పు వెలుపలినుండి చేయదలచిన పనిని తాను లోపలినుండి నిర్విఘ్నముగా సాగించుచున్నాడు. కవి తక్కిన క్రియలన్నిటిని ముందుంచి, మరపును కడపట నిలుపుట ఇందువలననే: అన్నియు చేసినవాడు గాని నిశ్చింతగా మరువజాలడు.

ఫలశ్రుతి: దీనిని పఠించినవారికి ఫలమేమియు లేదు, పాటించినవారికి, వసంతవర్షములు రోడ్లపై ఉప్పును కడిగివేసిన పిదప, క్రొత్త బ్యాటరీ ఖర్చు తప్పును.