నటుడికి కులమేమిటండీ!

నటుడికి కులం, మతం, ప్రాంతం ఉండవట. సక్సెస్ మీట్‌లో మైకు దొరికిన ప్రతి పెద్దమనిషీ ఈ మాటే చెబుతాడు. నటన అంటే పరకాయ ప్రవేశమంటాడు. గోండు పాత్ర గోండే వెయ్యాలంటే, రేపు హంతకుడి పాత్రకు చంచల్‌గూడ నుంచి ఖైదీని తెచ్చుకోవాలా అని అడిగి, తన చమత్కారానికి అందరికంటే ముందు తానే నవ్వుతాడు. నేనూ చప్పట్లు కొడతాను, మాట నిజమే కాబట్టి. కాకపోతే ఈ ప్రవేశాల్లో కాయాలన్నీ కిందివాళ్లవీ, దూరేవాళ్లంతా పైవాళ్లూ కావడం ఎలా కుదిరిందో మాత్రం ఏ మైకూ చెప్పదు.

ఈ విద్యలో మనకు ఘనమైన చరిత్రే ఉంది. స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారగా జనాన్ని వెర్రెత్తించారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మే, ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మహానటులు, అందులో తగాదా లేదు. కానీ అదే భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో కలావంతుల ఆడవాళ్లూ ఆడేవారు. ఆడది ఆడదాని వేషం కట్టడం, ఎంత అపచారం! 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. దురాచారాన్ని ఆపుతూ ఆపుతూ, వాళ్లు గుళ్లో ఆడడాన్ని కూడా నేరం చేసింది. సత్యభామ జడ మగవాడి తల మీద కళ అయింది, ఆడదాని తల మీద కేసయింది.

సరే, పాత సంగతులు. సినిమాకు వద్దాం. మన తెర మీద పేదరికానికి ఒకటే రంగు, దానికి మేకప్ కిట్టులో నంబరుంటుంది. 'పుష్ప'లో హీరోకు పూశారు, హీరోయిన్‌కూ పూశారు. శేషాచలం ఎండకు నల్లబడ్డ మనిషి కావాలి మరి. చిత్తూరు జిల్లాలో అలాంటివాళ్లు కరువైపోయారు కాబోలు, మేకప్‌మ్యాన్ తెల్లారకుండా లేచి తయారు చెయ్యాల్సి వచ్చింది. హిందీవాళ్లది ఇంకా ముచ్చట. 'బాలా' (2019) అనే సినిమా నల్లగా ఉన్న అమ్మాయిని చిన్నచూపు చూడొద్దని నీతి చెబుతుంది. ఆ అమ్మాయి వేషానికి భూమి పెడ్నేకర్‌ను తెచ్చి నలుపు పూసింది. పాపం, నల్లమ్మాయిల్ని వాళ్లు చిన్నచూపు చూడలేదు. అసలు చూడనే లేదు. 'మేరీ కోమ్' (2014)లో మణిపూర్ బాక్సర్‌గా ప్రియాంకా చోప్రా. మణిపూర్ నటి లిన్ లైష్రామ్ కూడా ఆ సినిమాలోనే ఉంది, పక్క పాత్రలో.

యాస సంగతీ అంతే. నీలగిరి కొండల సాయిపల్లవి 'ఫిదా' (2017)లో బాన్సువాడ భానుమతి అయి, తెలంగాణ మాటను సొంత గొంతుతో చెప్పి మెప్పించింది. ఒప్పుకోవాల్సిందే, నటన అంటే అదే. మరి బాన్సువాడలోనే పుట్టిన పిల్లకు కనీసం బాన్సువాడ పిల్ల వేషం కావాలంటే ఏ ఆఫీసు మెట్లెక్కాలి? దశాబ్దాల పాటు ఆ యాసను రౌడీకీ కమెడియన్‌కీ రాసిచ్చి, కృష్ణా గుంటూరు తెలుగును హీరో కోసం అట్టేపెట్టిన పరిశ్రమ కదా ఇది.

"తన కథలో తానే నటిస్తే అందులో నటనేముంది?" అని ఇంకో ప్రశ్న. సమాధానం 1985లోనే తెలుగులో వచ్చింది. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ పాదంతో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ 'మయూరి'లో తన కథను తానే నటించి, జాతీయ స్థాయిలో జ్యూరీ ప్రత్యేక పురస్కారం తెచ్చుకుంది. తర్వాత ఏమైంది? చూపు లేనివాడు కావాలంటే రవితేజ, వినికిడి తక్కువవాడు కావాలంటే రామ్‌చరణ్. బాగానే చేశారు. వాళ్ల డేట్లు దొరుకుతుంటే ఇంకెవరిని వెతుకుతారు?

అవతలి వీధిలో ఇంకో మేళం ఉందనుకోండి. పాత్రకూ నటుడికీ ఆధార్ లింక్ చెయ్యాలంటారు. మీసేవలో దరఖాస్తు, తహసీల్దారు సంతకం, ఆ తర్వాతే స్క్రీన్ టెస్టు. ఆ లెక్కన 'శంకరాభరణం' వచ్చేదే కాదు. శంకరశాస్త్రి వేషం కట్టిన జె.వి. సోమయాజులు విద్వాంసుడు కాదు, డిప్యూటీ కలెక్టరు. గొంతిచ్చిన బాలసుబ్రహ్మణ్యమూ గురువు దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన రెవెన్యూ అధికారే సర్టిఫికెట్టు లేకుండా వేషం కట్టేశాడు! అయినా ఈ మేళమంటే నాకేం భయం లేదు. వాళ్ల చేతిలో మైకే ఉంది, చెక్‌బుక్ లేదు.

పరకాయ ప్రవేశం కిందినుంచి పైకి జరిగితే ఏమవుతుందో మలయాళీలు తమ మొదటి సినిమాకే చూపించారు. జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్'లో నాయిక నాయర్ల ఇంటి ఆడపడుచు. ఆ వేషం వేసిన పి.కె. రోజీ దళిత యువతి. తిరువనంతపురం క్యాపిటల్ థియేటర్లో బొమ్మ పడిన రోజు, నాయకుడు ఆమె జడలోని పువ్వును ముద్దాడగానే తెర మీద రాళ్లు పడ్డాయని చెబుతారు. ఆమె ఊరు విడిచి పారిపోయింది. పేరు మార్చుకుని నాగర్‌కోయిల్ వైపు బతికింది. మళ్లీ కెమెరా ముందుకు రాలేదు. ఆనాడు హాల్లో ఎవరైనా లేచి "నటుడికి కులమేమిటండీ" అన్నట్టు ఎక్కడా రాసి లేదు.

బయోపిక్‌ల రోజులు కనక, ఆ రోజీ కథను పాన్ ఇండియాగా తీద్దామని రేపెవరికైనా తట్టవచ్చు. హీరోయిన్ ముంబై నుంచి దిగుతుంది. రోజుకు రెండు గంటలు నలుపు పూస్తారు. గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది, కన్నీళ్లు గ్లిజరిన్‌వి. రాళ్లు వేసే నాయర్ల గుంపుకు సప్లయరు జూనియర్ ఆర్టిస్టులను బస్సులో తోలుకొస్తాడు. వాళ్లలో పూతా గీతా అక్కర్లేని ఓ నల్లటి అమ్మాయి ముందు వరసలో నిలబడుతుంది. అసిస్టెంట్ డైరెక్టర్ మైకందుకుంటాడు: "ఏయ్, ఆ అమ్మాయిని వెనక్కి పంపండయ్యా! పెద్ద కులం గుంపులో ఆ మొహం నప్పట్లేదు!"