సంగటికి ఫోర్కు

హైదరాబాదులో ఇప్పుడు పేదవాడి తిండి తినాలంటే బాగా డబ్బుండాలి. రాగి సంగటి, ఉలవచారు, గోంగూర, చద్దన్నం... ఇవన్నీ జూబ్లీహిల్స్ ఎక్కేశాయి. వీటికోసం ముందురోజే టేబుల్ బుక్ చేసుకోవాలి, కారు వాలెట్ కుర్రాడికి అప్పగించాలి, గాజు తలుపు దగ్గర నిలబడి పేరు చెప్పుకోవాలి. డబ్బు లేనివాడికి ఈ అవస్థేమీ లేదు. సందు చివర బండి దగ్గర నిలబడి చైనావాళ్ళకు తెలియని చైనా నూడుల్స్ తినేసి ఇంటికి పోతాడు.

సంగటికి ఈ రాజయోగం ఒక్కరోజులో పట్టలేదు. వాన మొహం చాటేసే రాయలసీమలో వరి పండదు గనక జనం రాగులూ, కొర్రలూ, జొన్నలూ తిని బతికారు. వరన్నం పండగనాడు, పెళ్ళినాడు, జ్వరం వచ్చి లేచిననాడు. 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక ఇంటింటా తెల్లన్నం ఉడికింది. అంతే, సంగటి తింటామని చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. చుట్టాలు వస్తున్నారని తెలిస్తే సంగటి గిన్నె మూలకు నెట్టేసి హడావుడిగా ఎసరు పెట్టిన ఇళ్ళు నేనెరుగుదును. ఆ అన్నం ఒక తరం పాటు కడుపారా తిన్నాం. షుగరొచ్చింది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. ఈలోగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, కేంద్ర ప్రభుత్వం వాటికి ‘శ్రీ అన్న’ అని కొత్తగా నామకరణం చేసింది. పేరు ముందు శ్రీ చేరాక ధర పాత చోటనే ఉంటుందా?

ధర సంగతే చూద్దాం. 2025–26కు రాగులకు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. అంటే నూరు గ్రాముల రాగులు ఐదు రూపాయల లోపే. నేను చూసిన మెనూలో సంగటి ముద్ద ఒకటి, ఆ పక్కన బొమ్మరింట్లో ఆడుకునేంత ఇత్తడి గిన్నెలో నాటుకోడి పులుసు, కలిపి 645. కోడికి ఎంత ఉదారంగా లెక్కకట్టినా సగం కూడా తేలదు. మిగతాది దేనికయ్యా అంటే ఆంబియన్స్‌కి అంటారు.

ఆంబియన్స్ అంటే మనం ఇంట్లోంచి బయట పారేసిన సామాన్లన్నీ ఒకచోట చేర్చడం. తిరగలి, రోకలి, కిరసనాయిలు లాంతరు, నులకమంచం, వాల్వు రేడియో, పైకప్పుకు ఎద్దుబండి చక్రం. మా పెదనాన్న పాత సామాన్లవాడికి తూకానికి వేసేసిన ఇత్తడి బిందెలాంటిది ఒకటి అక్కడ వాష్ బేసిన్ అయి కూర్చుంది. దానికి సెన్సారు కుళాయి. తిరగలి మీద చిన్న బోర్డు: ‘దయచేసి తాకవద్దు’. పొద్దున్నే లేచి నలుగురి కడుపు నింపడానికి దాన్ని తిప్పి తిప్పి భుజాలు పడిపోయిన ఆడవాళ్ళకు ఈ బోర్డేదో అప్పుడే ఎవరైనా పెట్టి ఉంటే ఎంత పుణ్యం వచ్చేది!

ఇక ముద్ద వస్తుంది. నల్లటి రాతి పలక మీద కత్తెరతో గుండ్రంగా కత్తిరించిన అరిటాకు ముక్క. దాని నడుమ నిమ్మకాయంత సంగటి. మీద చుక్కల మందులా లెక్కపెట్టి వేసిన నెయ్యి. పక్కన చెనిక్కాయల ఊరిబిండి, గిన్నెలో వేసింది కాదు, పలక మీద వేలితో ఒక్కసారి పూసి వదిలేసింది. దాని మీద ఒక పువ్వు. ఆ పువ్వు తినాలా, జడలో పెట్టుకోవాలా అన్నది ఎవరూ చెప్పరు. పలకకు ఎడమవైపు ఫోర్కు, కుడివైపు కత్తి.

సంగటి ఎలా తింటారో తెలిసినవాడెవడూ దాని పక్కన ఫోర్కు పెట్టడు. చేయి తడి చేసుకుని, ముద్దలోంచి కొంచెం తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలి. నమిలితే పళ్ళకు అతుక్కుంటుంది. పక్క టేబుల్ దగ్గర ఐటీ కంపెనీ ట్యాగు ఇంకా మెడలోనే ఉన్న కుర్రాడు ఒకడు ముందు ఫోటో తీశాడు, తర్వాత వీడియో తీశాడు, తర్వాత ఫోర్కు దించాడు. ముద్ద మొత్తం ఫోర్కుతో పాటే పైకి లేచింది. వదిలించుకుందామని విదిలిస్తే అరిటాకూ లేచింది. ఎడమచేత్తో పట్టుకుని లాగుతున్నాడు పాపం. రాయలసీమ ముద్ద ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి అదంతా రీల్ చేసింది. తిండి మాత్రం అప్పటికే చల్లారిపోయింది, సంగటి చల్లారితే రాయి.

వడ్డించే కుర్రాడు ప్రతి పళ్ళేనికీ ఒక వ్యాఖ్యానం చెబుతాడు. ముద్దపప్పు ఆవకాయ తెచ్చి, “సర్, చెఫ్ దీన్ని డీకన్‌స్ట్రక్ట్ చేశారు” అన్నాడు. పప్పు నురగైంది. ఆవకాయ పొడైంది. నెయ్యి ఐస్‌క్రీమైంది. మూడూ మూడు మూలల్లో, కోర్టు కేసులో ఉన్న అన్నదమ్ముల్లా. “మరి దీన్నెలా తినాలి బాబూ?” అంటే, “మూడూ కలిపి తింటే బాగుంటుంది సర్” అన్నాడు. విడదీసినందుకు ఆయనకు జీతం, తిరిగి కలుపుకున్నందుకు మనకు బిల్లు.

ఆ కుర్రాడి మీద నాకు కోపమేమీ లేదు. ఒడిశా నుంచి వచ్చాడట. సంగటిని మొదటిసారి చూసింది ఈ వంటింట్లోనే. పది గంటలు నిలబడి, రాని భాషలో తెలియని తిండి గురించి పాఠం అప్పజెబుతున్నాడు. రాత్రి రూముకు వెళ్ళాక ఏం తింటావని అడిగితే అన్నం, ఆలుగడ్డ అన్నాడు, నవ్వుతూ. ఆ పూట మొత్తంలో దాపరికం లేని మెనూ అదొక్కటే.

మా మేనత్తకు ఎనభై దాటాయి. మనవరాలి పుట్టినరోజని ఆవిడనూ ఇలాంటి చోటికే తీసుకెళ్ళాం. ఎత్తు కుర్చీ మీద కాళ్ళు నేలకు ఆనక, ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది. ఉలవచారు వచ్చింది. చిన్న గాజు గ్లాసులో, పైన మీగడ తేలుతూ. వాసన చూసింది.

“ఏం రా నాయనా, ఇది ఉలవకట్టు గదా?”

“అవునత్తా.”

“దున్నే కాలంలో ఉలవలు ఉడకబెట్టి ఎద్దులకు పెట్టి, కట్టు మనం తాగేవాళ్ళం. మరి ఈళ్ళకు ఎద్దులు యాడుండాయి? ఆ ఉలవలు ఏం జేసినారంట?”

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి అక్కడి కుర్రాడిని అడిగాను. అతను చాలా మర్యాదగా, “ఉలవలు మా సలాడ్‌లో వస్తాయి సర్, 395” అన్నాడు.

అత్త కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమని ముందుకు చాపింది. ఆ చాపిన చేయి చూసి కుర్రాడు మెనూ తెచ్చి ఇచ్చాడు. మన పల్లెల్లో మారు వడ్డించకపోతే ఆ ఇంటికి చెడ్డపేరు. నెల్లూరు, బెజవాడ మెస్సుల్లో ఇప్పటికీ అన్నం బకెట్టు పట్టుకుని తిరిగే మనిషి మన మొహం చూడకుండానే రెండో గరిటె వేసేస్తాడు. ఇక్కడ మారు అడిగితే మరో ఆర్డరు. అందుకే కాబోలు ఇక్కడినుంచి అందరూ అర్ధాకలితో లేచి, వచ్చేదారిలో బండి దగ్గర ఇడ్లీ తింటారు.

నీళ్ళ గురించి చెప్పకపోతే పాపం. కూర్చోగానే, “స్టిల్, స్పార్క్లింగ్, ఆర్...” అంటాడు. మూడోదాన్ని నోట్లోనే మింగేస్తాడు. మంజీర, కృష్ణా, గోదావరి, మూడు నదుల నీళ్ళు పైపులేసి తెచ్చుకున్న ఊరిది. అయినా ‘మామూలు నీళ్ళు చాలు’ అనాలంటే గుండెధైర్యం కావాలి. ఎదురుగా కాబోయే వియ్యంకులు ఉంటే అదీ చాలదు. సీసా మీద ముద్రించిన ధరకంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు హోటళ్ళకు అనుమతి ఇచ్చేసింది కూడా. ఎందుకంటే అక్కడ మనం నీళ్ళొక్కటే కొనడం లేదు, కూర్చోవడాన్నీ, చల్లదనాన్నీ, పరిసరాన్నీ కొంటున్నాం. సరే. కూర్చోవడం ఖరీదు సీసాలోనే వచ్చేసింది కదా, మరి బిల్లు చివర ‘సర్వీస్ ఛార్జీ 10%’ అని మళ్ళీ వచ్చేది ఏమిటి?

దాని కథ ఇంకా రసవత్తరం. బిల్లులో దానంతటదే కలిపెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ నెలలోనే హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టులో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న అదే కోర్టు ఆ మార్గదర్శకాలు సబబేనని, ఈ ఛార్జీ ఇష్టమైతే ఇచ్చేది తప్ప బలవంతంగా గుంజేది కాదని తీర్పు చెప్పి, రెండు సంఘాలకూ చెరో లక్ష ఖర్చుల కింద వేసింది. వాళ్ళు అప్పీలుకు వెళ్ళారనుకోండి.

ఇప్పుడొక మామూలు బిల్లు చూడండి. తిన్నది 4,000. సర్వీస్ ఛార్జీ 400. దాన్ని కలిపి 4,400 మీద 5 శాతం జీఎస్టీ 220. మొత్తం 4,620. ఆ ఛార్జీ తీసేస్తే 4,200. ఇవ్వనక్కర్లేని 400, దాని మీద కట్టనక్కర్లేని పన్ను 20. తేడా సరిగ్గా 420. ఆ అంకె నేను కావాలని తేలేదు, లెక్క వేస్తే అదే వచ్చింది.

కట్టనని చెప్పొచ్చు. 1915కు ఫోను చేయొచ్చు. చెయ్యం. రైతుబజారులో కొసరు కరివేపాకు కోసం పావుగంట వాదించే మనిషి, ఆ నల్లతోలు ఫోల్డరు చేతికి రాగానే ఎక్కడలేని రాజసం తెచ్చుకుని, చదవకుండానే కార్డు పెట్టేస్తాడు. చదివితే పరువు పోతుంది. ఆ 400లో నీకెంత వస్తుందని కుర్రాడిని అడిగాను. అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కంప్యూటరు వైపు చూశాడు.

2019లో యునెస్కో హైదరాబాదును వంటల కళకు సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఎంత సంబరపడ్డాం! 2024లో ఆహార భద్రత టాస్క్‌ఫోర్సు వాళ్ళు ఆ కళాకారుల వంటింట్లోకి తొంగిచూశారు. గడువు తీరిన సరుకులు, లేబుల్ లేని డబ్బాలు, సింథటిక్ రంగులు, బొద్దింకలు. వీధి హోటళ్ళే కాదు, పేరుమోసిన చోట్లు కూడా ఆ జాబితాలోకి ఎక్కాయి. ఆ ఏడాది అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. టేబుల్ మీద డ్రై ఐస్ పొగ ఎందుకు అంత దట్టంగా వదులుతారో అప్పుడు కొంచెం అర్థమైంది. జాబితా టీవీలో వచ్చిన వారం చర్చించుకున్నాం. ఆ పై వారం టేబుల్ ఖాళీ ఉందా అని ఫోను చేశాం.

ఇంతా చేసి యజమానులను తిట్టడం అన్యాయం. అడిగినవాడికి అడిగినదే అమ్ముతున్నారు. సంగటి తప్ప మరేదీ దొరకక తిన్నవాడొకడు, అన్నీ దొరికి సంగటి తినడానికి వచ్చినవాడొకడు. ఈ ఇద్దరికీ నడుమ దూరం ఎంతో ఊరంతటికీ తెలియాలి. ఆ దూరాన్ని కొలిచి, పలక మీద పెట్టి, పువ్వు తగిలించి తెస్తున్నారు. ఒక తరం దాచుకున్న సిగ్గును తరువాతి తరం చెక్ఇన్ చేసి, లొకేషన్ పెట్టి, నలుగురిని ట్యాగ్ చేసి చూపించుకుంటోంది. చెల్లిస్తున్నది ఆ ప్రదర్శనకు టిక్కెట్టు.

ఈ వ్యాపారానికి ముందు ముందు సరుకు కరువవుతుందేమోనని మాత్రం నాకు బెంగగా ఉంది. సంగటి అయిపోయింది. ఉలవచారు అయిపోయింది. చద్దన్నం మట్టిముంతలో ‘ప్రోబయోటిక్’ పేరు పెట్టుకుని వచ్చేసింది. తరవాణి దారిలో ఉంది. అన్నం వార్చిన గంజి కూడా ఉప్పు, మిరియాలు చల్లి సూప్ గిన్నెలో పోసేస్తే ఒక సీజన్ నడుస్తుంది. ఆ తర్వాత మన తాతముత్తాతల ఇళ్ళల్లో ఇంకేం మిగిలింది?

మిగిలింది పస్తే. కరువుల్లో సీమ జనం అన్నిటికంటే ఎక్కువసార్లు చవిచూసింది అదే గనక, దానికి మించిన అచ్చమైన ప్రాంతీయ వంటకం దొరకదు. ఖాళీ అరిటాకు, మీద ఒక నీటి చుక్క, పక్కన లాంతరు. కుర్రాడు వచ్చి ఏ కరువులో, ఏ ఊళ్ళో, ఎన్ని రోజులు సాగిన పస్తో తడబడకుండా చెబుతాడు. డాక్టర్లు కూడా ఈమధ్య ఉపవాసం మంచిదే అంటున్నారు గనక ఆరోగ్యం కోణమూ కుదురుతుంది. ఏడు కోర్సుల పస్తు మనిషికి 2,499, దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ, ఎందుకంటే ఖాళీ ఆకైనా ఎవరో ఒకరు మోసుకు రావాలి కదా. ఆపైన జీఎస్టీ. శని, ఆదివారాల్లో మాత్రం టేబుల్ దొరకదు.