కేప్‌టౌన్ దాకా ఎందుకు? ఉక్కు శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఉక్కు శాఖ మంత్రివర్యులకు,

విషయం: ఆగిపోయిన సాహసాల షోకు మళ్లీ ప్రాణం పోయడం గురించి.

ఒళ్లు జలదరించే విన్యాసాలను పోటీగా మార్చిన టీవీ షో నెదర్లాండ్స్‌లో పుట్టింది. 2001లో అమెరికాలో ఎన్‌బీసీ దాన్ని ‘ఫియర్ ఫ్యాక్టర్’ చేసింది. 2006లో ఆగింది, 2011 చివర్లో లేచి, మరుసటి ఏడాదే పడింది, 2017లో ఎంటీవీ, 2026 జనవరిలో ఫాక్స్ మళ్లీ లేపాయి. పోటీదారుల కంటే షోదే గట్టి ప్రాణం. హిందీలో 2008 జూలైలో కలర్స్ చానల్‌తో పాటే ‘ఖత్రోం కే ఖిలాడీ’గా మొదలై, 2024లో పద్నాలుగో సీజన్ పూర్తిచేసింది. 2025లో రాలేదు.

పైకి ఇది సమాచార, ప్రసార శాఖ వ్యవహారం. సరుకు మాత్రం ఉక్కు శాఖ దగ్గరే ఉంది.

భయాన్ని వెతుక్కుంటూ ఈ షో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, అర్జెంటీనా, బల్గేరియా, రొమేనియా తిరిగింది. మీ శాఖ కింద ఉక్కు కర్మాగారం నడిచే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌కి మాత్రం రాలేదు. నిజమే, పులుల చేత ప్రదర్శనలు చేయించడం దేశంలో నిషేధం కనుక ఇక్కడి జూ మైత్రీబాగ్‌లోని తెల్లపులులు దొరకవు. మిగతాదంతా సిద్ధం. బెదిరిన పోటీదారు విశాఖకు పారిపోవాలన్నా 2024 సెప్టెంబరు నుంచి పక్కనే దుర్గ్‌లో వందేభారత్ రైలు ఉంది.

కర్మాగారంలో 2018లో మొదలైన ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ పేరు మహామాయ. దాని పరిమాణం 4,060 ఘనపు మీటర్లు. ఫర్నేస్ అడుగున మట్టితో మూసిన రంధ్రాన్ని డ్రిల్లుతో తెరుస్తారు. దాదాపు 1,500 డిగ్రీల వేడితో ద్రవ ఇనుము కాలువలో పారుతుంది. పని అయ్యాక మడ్ గన్‌తో మళ్లీ మట్టి కొట్టి మూస్తారు. చుట్టూ పైపుల్లో తిరిగే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కెమెరాకు అందదు. షోకు పనికిరాని భయం బహుశా అదొక్కటే. 2014 జూన్ 12న పంప్‌హౌస్‌లోకి చేరిన ఆ గ్యాస్ ఆరుగురిని బలితీసుకుంది. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైన్ మరమ్మతు వేళ మంటలు లేచి పది మందికి పైగా చనిపోయారు.

షోలో పద్ధతి వేరు. ప్రతి విన్యాసాన్నీ ముందుగా నిపుణులు చేసి చూస్తారు. నడుముకు తాడు, నీళ్లలో డైవర్లు, పక్కనే వైద్య సిబ్బంది. చేతకాకపోతే ‘అబార్ట్’ అంటే చాలు, అంతా ఆగిపోతుంది. ఓడినవారికి ఎలిమినేషన్ ముప్పు గుర్తుగా ‘ఫియర్ ఫందా’ పడుతుంది, అంతే. నిజం చెప్పాలంటే ఈ షోలో విపరీతమైనదేదైనా ఉంటే అది జాగ్రత్తే.

కనుక అభ్యర్థన ఇది. షోను భిలాయ్‌కి తేనక్కర్లేదు. అది నడిపే భద్రతా బృందాన్ని పంపితే చాలు. గ్యాస్ లైను దగ్గర పని మొదలయ్యే ముందు వాళ్లు ఒకసారి చేసి చూడాలి. అంబులెన్సు గేటు బయట కాక పని దగ్గరే ఉండాలి. రోజుకూలీపై వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు కూడా ‘అబార్ట్’ అనగలగాలి, అన్న రోజు కూలి తెగకూడదు. అలా అన్నవాడిని మర్నాడు కూడా గేటు లోపలికి రానివ్వాలి.

ఇట్లు,
భిలాయ్ తెలుగు ప్రేక్షకులు

ప్రతి: సమాచార, ప్రసార శాఖకు, కేవలం వినోదార్థం.