పుస్తకం ఒక్కటి తప్ప

సాహిత్యోత్సవాలకు వెళ్లడంలో ఉన్న సుఖం మనవాళ్లకు ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు. కొంతమంది అమాయకులు అక్కడ పుస్తకాల గురించి మాట్లాడతారు కాబోలనుకుని, నెల ముందు నుంచే నాలుగు నవలలు చదివి, పెన్సిలుతో గీతలు కూడా గీసుకుని బయల్దేరుతున్నారు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే ఇది. అంత శ్రమ దేనికి? అట్ట కూడా తిప్పకుండా సాహిత్యాన్ని అనుభవించే ఏర్పాట్లు ఆసియా అంతటా ఏనాడో పూర్తయ్యాయి.

2006లో మొదలైన జైపూర్ ఉత్సవాన్నే తీసుకోండి. భూమ్మీద ఇంతకు మించిన సాహితీ ప్రదర్శన లేదని దానికి పేరు. ఒప్పుకోవాల్సిందే. జనవరి ఎండ వీపుకి హాయిగా తగులుతూ ఉంటుంది. మట్టి ముంతలో పొగలు కక్కే టీ, చేతిలో కచోరీ, మెళ్లో వేలాడే కార్డు. ఆ కార్డు మామూలుదైతే మీరు పాఠకులు, వేలు పోసి కొన్న డెలిగేట్ కార్డయితే సాహితీప్రియులు. సాహితీప్రియులకు భోజనాలు వేరు, కూర్చునే చోటు వేరు. సాహిత్యం ముందు అందరూ సమానులే, తేడా అంతా పళ్లేల దగ్గరే.

శ్రీలంకలో గాలే ఉత్సవం ఇంకో మెట్టు పైన ఉంది. డచ్చివారి కోట, సముద్రపు గాలి, పైగా రచయితతో కలిసి భోంచెయ్యడానికి టికెట్టు. ఆయన రాసింది చదవాలంటే పది రోజులు పడుతుంది. ఆయన పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినడానికి గంట చాలు. ఏది లాభసాటో లెక్కలు వచ్చినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక సభ సంగతి. వేదిక మీద ముగ్గురు రచయితలు, వాళ్లతో మాట్లాడించడానికి ఒక సమన్వయకర్త. ఆయన ముందుగా ముగ్గురి జీవిత విశేషాలూ చదువుతాడు. అవన్నీ మన చేతిలోని కార్యక్రమ పత్రంలో ఉన్నవే, అయినా అవార్డు ఒక్కటీ వదలడు. తర్వాత మొదటి ప్రశ్న. “మీ నవలలో స్మృతి, వలస, దేశం, దేహం ఒకదాన్నొకటి ప్రశ్నించుకుంటాయి కదా, దాని గురించి కాస్త చెప్తారా?” రచయిత్రి ఒక్క క్షణం ఆకాశంలోకి చూసి, “చాలా మంచి ప్రశ్న” అంటుంది. ఆవిడ నవలలో ఎవరు ఎవర్ని పెళ్లాడారో, ఎవరు చచ్చిపోయారో ఆ గంటలో ఒక్క ముక్క బయటికి రాదు. చివర్లో మైకు జనంలోకి వస్తుంది. మూడో వరసలో పెద్దాయన లేచి, “నాది ప్రశ్న కాదండీ, చిన్న పరిశీలన” అని మొదలుపెడతాడు. వాలంటీరు పిల్ల టైమైందని అట్టముక్క పైకెత్తి చూపిస్తుంది. పెద్దాయన తన రిటైర్మెంటు దాకా కూడా రాకముందే సభ ముగుస్తుంది. అందరూ పరుగెత్తుకెళ్లి రచయిత్రితో సెల్ఫీ దిగుతారు.

దేశభాషలకు అన్యాయం జరుగుతోందని మాత్రం అనకండి. వాటికీ ఒక సభ ఉంటుంది, సరిగ్గా అందరూ భోజనాలకు లేచే వేళకి. ఒక తెలుగు కథకుణ్ణి, ఒక ఒడియా కవిని, ఒక మైథిలీ నవలాకారుణ్ణి ఒకే సోఫాలో సర్దుతారు. ఇంగ్లీషులో రాసినావిడను స్మృతి గురించీ దేహం గురించీ అడిగారా, వీళ్లను మాత్రం భారతీయ భాషల భవిష్యత్తు గురించి అడుగుతారు. మనవాడు ముప్పయ్యేళ్లుగా రాసిన కథల్లో ఒక్కదాని పేరు కూడా ఎవరూ ఎత్తరు. భాష తరఫున సంజాయిషీ చెప్పి దిగిపోవడమే అతని పని.

పుస్తకం జోలికి పోకుండా సాహిత్య సేవ చెయ్యడంలో మనం జైపూర్ దగ్గర నేర్చుకోవలసిందేమీ లేదు. మన పుస్తకావిష్కరణ సభలు చూడండి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, శాలువా, జ్ఞాపిక, మళ్లీ శాలువా. ముఖ్య అతిథి రిబ్బను విప్పి, పుస్తకాన్ని ఫొటోకి అందేలా గుండెల దాకా ఎత్తి పట్టుకుని, “ఈ పుస్తకం నాకు నిన్న రాత్రే అందింది, పూర్తిగా చదివే అవకాశం దొరకలేదు” అని నిజాయితీగా మొదలుపెట్టి, ఆ తర్వాత నలభై నిమిషాలు మాట్లాడతాడు. ఇంతటి ప్రజ్ఞకు జైపూర్ వాళ్లు ఎప్పటికైనా వచ్చి శిష్యరికం చెయ్యాల్సిందే.

ఇన్ని సుఖాల మధ్య ఉన్న ప్రమాదమల్లా ఒక్కటే. ఎవరో ఒకరు నిజంగానే పుస్తకం తెరిచి చదవడం.

2012 జనవరిలో జైపూర్‌లో అదే జరిగింది. 2007లో ఆ ఉత్సవానికే వచ్చి నిక్షేపంగా తిరిగెళ్లిన సల్మాన్ రష్దీ, ఈసారి ప్రాణాపాయం ఉందన్న కబురు అందడంతో రాలేదు. హరి కుంజ్రు, అమితావ కుమార్, జీత్ థాయిల్, రుచిర్ జోషి అనే నలుగురు రచయితలు నిరసనగా, మన దేశంలో నిషేధంలో ఉన్న ఆయన నవల ‘ద సెటానిక్ వర్సెస్’ నుంచి కొన్ని భాగాలు చదివారు. సాహిత్యోత్సవంలో సాహిత్యం చదవడం! నిర్వాహకులు హడలిపోయి, ఆ చదువుతో తమకు సంబంధం లేదని ప్రకటించుకున్నారు. నలుగురూ ఊరు విడిచిపోయారు. ఆఖరి రోజున రష్దీని వీడియోలో చూపిస్తామన్నారు. పోలీసుల సలహా మేరకు అదీ రద్దయింది. అదే ఏడాది అదే చోట ఓప్రా విన్‌ఫ్రీని చూడ్డానికి జనం ఇసకేస్తే రాలనట్టు వచ్చారు. అందువల్ల ఎవరూ ఊరు విడవాల్సిన అవసరం పడలేదు.

అసలు ఆ నిషేధమంటే, 1988 నాటి ఒక ఉత్తర్వు ఆ పుస్తకం దిగుమతిని ఆపడమే. సంగతేమిటంటే, 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో ఆ ఉత్తర్వు కాగితాన్ని అధికారులు చూపించలేకపోయారు. అలాంటిది లేదనే అనుకోవాలని కోర్టు తేల్చింది. దొరకని కాగితానికి దేశం ముప్పై ఆరేళ్లు భయపడింది.

జైపూర్ ఒక్కటే కాదు. బాలిలో 2002 బాంబు దాడుల్లో 202 మంది చనిపోయాక, ఆ గాయం మాన్పడానికని ఉబుద్ ఉత్సవం పుట్టింది. గొప్ప ఆశయం. కానీ 2015లో, ఇండోనేషియాలో 1965 నాటి కమ్యూనిస్టుల ఊచకోతకు యాభయ్యేళ్లయిన సందర్భంగా దాని గురించి మాట్లాడదామనుకుంటే, ఉత్సవం అనుమతే పోతుందని అధికారులు హెచ్చరించారు. చర్చలు రద్దు, ఆ ఊచకోత మీద తీసిన ‘ద లుక్ ఆఫ్ సైలెన్స్’ సినిమా ప్రదర్శన రద్దు. లక్షల మందిని పొట్టనబెట్టుకున్న ఆ ఊచకోతలో బాలిలో పారిన నెత్తురు తక్కువేం కాదు. ఒకే దీవి మీద ఒక గాయానికి మందు రాయొచ్చు, ఇంకో గాయం పేరెత్తకూడదు.

హాంకాంగ్‌లో 2018లో ప్రవాస చైనా రచయిత మా జియాన్ సభలను తాయ్ క్వున్ కేంద్రం వాళ్లు రద్దు చేశారు. గోల అయ్యాక మళ్లీ ఒప్పుకున్నారు. ఆ కేంద్రం ఒకప్పటి పోలీసు స్టేషను, జైలు. గోడలకు పాత అలవాట్లు ఒక పట్టాన పోవు. మయన్మార్‌లో 2014లో మాండలే ఉత్సవాన్ని కుథోడా పగోడా ఆవరణలో పెట్టాలనుకున్నారు. 729 పాలరాతి పలకల మీద బౌద్ధ త్రిపిటకాలు చెక్కిన చోటు, ప్రపంచంలోకెల్లా పెద్ద పుస్తకమని పేరున్నది. చివరి నిమిషంలో అనుమతి పోయి ఉత్సవం హోటలుకు మారింది. అంత పెద్ద పుస్తకం పక్కన సాహిత్యోత్సవం పెట్టడం తప్పే మరి.

నిర్వాహకుల సమాధానం మనకు తెలిసిందే. ఒక సభ కోసం పండగంతా పాడుచేసుకుంటామా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒక ఏడాది ఒక సభ రద్దవుతుంది. మరుసటి ఏడాది అలాంటి సభ పెట్టాలనే ఊహే ఎవరికీ రాదు. పోలీసులకు ఫోను ఖర్చు కూడా మిగులుతుంది. ఆ తర్వాత వేదికెక్కి భావప్రకటనా స్వేచ్ఛ గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ఎవరూ ఆపరు. పుస్తకం నోరు మూసుకున్నాక స్వేచ్ఛ వల్ల ఎవరికి నష్టం?

అందుకని నిర్వాహకులకు ఒక మనవి. మీ కచోరీలు, మీ సూఫీ సంగీతం, మీ డెలిగేట్ భోజనాలు అన్నీ అలాగే ఉంచండి, వాటి మీద ఎవరికీ కక్ష లేదు. రోజుకు ఒక్క గంట మాత్రం సమన్వయకర్త లేని సభ పెట్టండి. ఒక రచయిత కూర్చుని తన పుస్తకమో, చదవొద్దన్న పక్కవాడి పుస్తకమో తెరిచి, తన భాషలో పైకి చదవాలి. మిగతావాళ్లు వినాలి. ఆ గంటసేపు ఫోను ఎన్నిసార్లు మోగినా దయచేసి ఎత్తకండి.