రెండు నోళ్ల పానా

నా ఒంటి మీద రెండు అంకెలు ఉన్నాయి. ఒక చివర 1/4 డబ్ల్యూ, ఇంకో చివర 5/16 డబ్ల్యూ. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో మొదటి నోటిని రెండు సూతులనీ, రెండో నోటిని రెండున్నర సూతులనీ పిలిచేవారు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ అంకెలు నా నోటి వెడల్పు కాదు, నేను తిప్పవలసిన బోల్టు కాండం లావు. 1/4 అని రాసి ఉన్న నోరు 0.525 అంగుళాలు ఉంటుంది, అంటే 13.3 మిల్లీమీటర్లు. 5/16 అని ఉన్నది 0.6 అంగుళాలు, 15.2 మిల్లీమీటర్లు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొన్న వానల్లో ఒక బోల్టు తల తెగిపోవడానికి మూలం ఈ లెక్క తెలియకపోవడమే.

నన్ను ఇంగ్లండులో చేశారు. ఎర్రగా కాలిన ఉక్కు, అచ్చు, పైనుంచి పడిన పెద్ద సుత్తి: ఆ పుట్టుక గురించి చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు. డబ్ల్యూ అన్న అక్షరం మాత్రం జోసెఫ్ విట్‌వర్త్‌ది. ఆయనకు ముందు ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోటి బోల్టుకు ఎక్కేది కాదు. 1841లో ఆయన మరకు 55 డిగ్రీల కోణం, అంగుళానికి ఇన్ని చుట్లు అని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. రైలు కంపెనీలు దాన్ని పట్టుకున్నాయి. ఓడెక్కి నేనూ వచ్చాను, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి. పిడి మీద బి.ఎన్.ఆర్. అని ముద్ర పడింది.

1887లో ఏర్పడిన ఆ కంపెనీ చేతికి 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా తూర్పు తీరపు లైను వచ్చింది. ఖరగ్‌పూర్‌కి ఇన్ని తెలుగు ఇళ్లు ఎలా వచ్చాయని అడిగేవాళ్లకు నేను చూపించేది ఆ లైనునే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనుషులు బండెక్కి ఇక్కడ దిగారు. కార్ఖానాలో పని దొరికింది, ఉండిపోయారు. నన్ను మొదట చేతబట్టిన ఫిట్టరూ అలా వచ్చినవాడే.

ఆయన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. నట్టు మీద నన్ను పెట్టేముందు నా నోరు గుడ్డతో తుడిచేవాడు. అంకె చూసేవాడు. నోటికీ నట్టుకీ మధ్య వేలికి తగిలేంత సందు ఉంటే పని ఆపేసి, సరైన పానా తెప్పించేవాడు. బాయిలరు దగ్గర బిగించే ప్రతి బోల్టు మరకూ గ్రాఫైట్ కలిపిన గ్రీజు రాసేవాడు. నిప్పు దగ్గర పొడిగా బిగించిన బోల్టు మళ్లీ ఊడిరాదని కొత్తగా చేరిన కుర్రాళ్లకు చెప్పేవాడు. 1927లో సమ్మె జరిగినప్పుడు, ఆ ఏడాదే లాకౌటు పడినప్పుడు, బెంచీ మీద చేయి తగలక పడి ఉన్న రోజులు నాకు గుర్తున్నాయి. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి ఈ రైలు కార్మికుల సంఘానికి నాయకత్వం వహించినవాడు, తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. ఆయన పేరు ఎత్తినప్పుడల్లా మా ఫిట్టరు గొంతు మారేది. తిరిగి పనిలోకి వచ్చిన రోజున ఆకురాయితో నా పిడి మీద మూడు గీతలు గీశాడు, నన్ను పోల్చుకోవడానికి.

ఆయన కొడుకు అరవైల్లో అదే కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాడు. తండ్రి రిటైరయ్యాక నేను కొడుకు చేతికి వచ్చాను. అప్పటికే నా కాలం తగ్గుముఖం పట్టింది. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. డ్రాయింగుల్లో అంగుళాలు పోయి మిల్లీమీటర్లు వచ్చాయి. కొత్త బోల్టుల మర 60 డిగ్రీలు. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చిన కొద్దీ నన్ను పిలిచే పని తగ్గింది. మొదట బెంచీ మీద నుంచి బెంచీ కిందికి చేరాను. తర్వాత పెట్టెలోకి. తర్వాత పెట్టెను ఎవరో గోడవారకు నెట్టారు.

అక్కడి నుంచి తుక్కు గుట్టకు. ఎన్ని వానలు పడ్డాయో నేను లెక్కపెట్టలేదు. ఈ నేల ఎర్రమట్టి నీళ్లతో కలిసి నా నోళ్లలో పేరుకుంది, ఎండకు గట్టిపడింది, మళ్లీ తడిసింది. నా కింద స్ప్రింగులు, బ్రేకు దిమ్మలు, చిరిగిన రేకులు. ఒకప్పుడు నా ముద్ర చూసి తీసుకునేవాళ్లు. ఇక్కడ ఏ ముద్ర ఉన్నా ఒక్కటే, బరువే లెక్క. వేలంలో మూటలు కదిలాయి, నేను గోల్‌బజారు దగ్గర ఒక పాత ఇనుము దుకాణానికి చేరాను. అక్కడ నన్ను పానాగా చూసినవాళ్లు లేరు. తాళాలు పగలగొట్టడానికి సుత్తిగా వాడారు. తలుపు కొట్టుకోకుండా సందులో పెట్టారు. ఇంజన్ల నట్లు బిగించినదాన్ని తలుపు కింద పెడితే కలిగిన బాధ ఇప్పటికీ నాలో ఉంది.

రిటైరైన ఫిట్టరు ఒకాయన ఒకరోజు పాత హ్యాండిల్ కోసం ఆ దుకాణానికి వచ్చాడు. నన్ను కాలితో పక్కకు జరపబోయి ఆగాడు. వంగి తీశాడు. బొటనవేలితో మట్టి రుద్దితే మూడు గీతలు కనబడ్డాయి. "ఇది మా అయ్యదిరా," అన్నాడు దుకాణం కుర్రాడితో, వాడికి తెలుగు రాకపోయినా. ఇనుము ధరకే తూచి ఇచ్చారు.

ఆయన ఇల్లు మథురాకాటిలో, కొడుకు పేరున ఉన్న రైల్వే క్వార్టరు. కొడుకూ రైల్వేయే. మనవడు కాలేజీ చదువుతున్నాడు, మోటారు సైకిలు వాడిది. తాత నన్ను కిరసనాయిల్లో నానబెట్టి, తోమి, నూనె రాసి పెట్టెలో పెట్టాడు. అయితే అదే పెట్టెలో మనవడి మెట్రిక్ పానాలూ ఉన్నాయి. నా కష్టం అక్కడే మొదలైంది.

ఆ బండి సైలెన్సరు పైపును ఇంజను హెడ్డుకు రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. 8 మిల్లీమీటర్ల కాండం, 13 తల. ఎప్పుడో ఎవరో బజారులో కొని వేసినవి, తల మీద 8.8 అన్న గట్టిదనపు అంకె కూడా లేదు. మరకు గ్రీజు లేదు. మనవడు స్నేహితులతో దీఘా వెళ్లి సముద్రపు తడి ఇసుకలో బండి నడిపాడు. వచ్చాక కడగలేదు. ఆ తర్వాత వానలు. ఇనుప బోల్టు, అల్యూమినియం హెడ్డు, మధ్యలో ఉప్పునీరు: ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి అవుతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటికన్నా రెండింతలకు పైగా చోటు కావాలంటుంది. మరల సందుల్లో ఆ చోటెక్కడిది? దానితో బోల్టు, హెడ్డు ఒక్కటిగా పట్టేస్తాయి. పైగా ఇంజను రోజూ వేడెక్కి చల్లబడుతుంటే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది.

సైలెన్సరు లీకు కొడుతోందని మనవడు ఒక ఆదివారం బోల్టులు విప్పబోయాడు. 13 రింగు పానా వెతికే ఓపిక లేక నన్ను తీశాడు. నా రెండు సూతుల నోరు ఆ తల మీదికి ఎక్కింది. ఎక్కితే చాలు, సరిపోయిందనుకున్నాడు. నాకు మాత్రం ఆ సందు తెలుస్తోంది. తల 13, నా నోరు 13.3, అంచులు ఆనడం లేదు, మూలల మీదే బలం పడుతోంది. వాడు నా పిడికి ఒక ఇనుప పైపు తొడిగి ఊపాడు. జారింది. మూలలు గుండ్రమయ్యాయి. అప్పుడు పైపు రెంచి తెచ్చి తలను పట్టి, కాలు బండికి తన్ని లాగాడు. టప్పుమని తల చేతికొచ్చింది. కాండం హెడ్డులోనే ఉండిపోయింది.

తాత బయటికి వచ్చి చూశాడు. "ఏటి చేసినావురా బాబూ?" అన్నాడు. నన్ను తీసి అంకె వాడి కళ్ల ముందు పెట్టాడు. "ఇది ఇంచీది. నీ బోల్టు మిల్లీమీటర్లది. ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదురా." నా తరఫున మాట్లాడినవాడు ఆయన ఒక్కడే.

ఆ రోజుకు పని ఆపేశారు. తెగిన కాండం చుట్టూ, రెండో బోల్టు చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి, సుత్తితో చిన్నగా తడుతూ తెల్లవార్లూ వదిలేశారు. మర్నాడు ఆరు మూలల 13 రింగు పానాతో రెండో బోల్టును తాత ముందు బిగించే వైపుకే కొంచెం తిప్పాడు, తర్వాత విప్పే వైపుకు. అలా అటూ ఇటూ కదిలిస్తే తుప్పు పొడిగా రాలుతుంది, కాండం మెలిపడి తెగదు. అది క్షేమంగా ఊడింది. సైలెన్సరు పైపు తప్పించాక తెగిన కాండం హెడ్డు మీద గోరంత పైకి కనబడింది.

డ్రిల్లు పెట్టి, తెగిన కాండాలు ఊడదీసే ఈజీ అవుట్ దించుదామని మనవడన్నాడు. తాత ఒప్పుకోలేదు. ఇనుము గట్టిది, చుట్టూ అల్యూమినియం మెత్తనిది, డ్రిల్లు మెత్తని వైపుకే జరుగుతుంది. ఈజీ అవుట్ లోపల విరిగితే ఇంకా కష్టం, అది బాగా గట్టిపరిచిన ఉక్కు, మామూలు డ్రిల్లుకు తెగదు. ఆ దారి ఆఖరికి ఉంచుకుందామన్నాడు.

పక్క వీధిలో గ్రిల్సు చేసే కుర్రాడు చిన్న వెల్డింగు మిషను తెచ్చాడు. బండి బ్యాటరీ తీగలు విప్పారు, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టారు. తాత తన డబ్బాలో వెతికి ఒక నల్ల నట్టు తీశాడు. చూడగానే పోల్చుకున్నాను, 5/16 విట్‌వర్త్ నట్టు. దాన్ని కాండం మీద పెట్టి, నట్టు బొక్కలోంచి రాడ్డు దించి, కాండంతో కలిపి అతికించారు. అతుకు నట్టును పట్టుకుంటుంది, అల్యూమినియానికి అంటదు. ఆ వేడికి తుప్పు పట్టు సడలుతుంది. అల్యూమినియం అదే వేడికి ఉక్కుకన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి బొక్క కాస్త విప్పారుతుంది. ఎరుపు తగ్గాక కొవ్వొత్తిని మర దగ్గర ఆనించారు. మైనం కరిగి లోపలికి ఇంకిపోయింది.

అప్పుడు నన్ను తీసుకున్నారు. ఈసారి రెండున్నర సూతుల నోరు.

ఆ నట్టు మీద కూర్చున్న క్షణాన సందు లేదు. ఆరు ముఖాల్లో రెండు నా దవడలకు పూర్తిగా ఆనాయి. ఎన్నో ఏళ్లుగా నాకు అలాంటి ఆనిక దొరకలేదు. తాత పైపు తొడగలేదు, అరచేయి బలమే. అటు పిసరంత, ఇటు పిసరంత. కిర్రుమంది. మళ్లీ మైనం, మళ్లీ అటూ ఇటూ. ఒక చుట్టు కదిలాక మనవడి చేతికి నన్నిచ్చి, "నువ్వు తిప్పు, తొందరపడకు," అన్నాడు. కాండం నల్లగా, తెల్లపొడి పూసుకుని బయటికి వచ్చింది. లోపలి మరను 8 మిల్లీమీటర్ల, 1.25 పిచ్ ట్యాపుతో శుభ్రం చేశారు. కొత్త బోల్టులకు, తల మీద 8.8 ఉన్నవాటికి, రాగి గ్రీజు రాసి వేళ్లతో చివరిదాకా ఎక్కించాకే పానా పెట్టారు. ఆ పానా నేను కాదు, 13 రింగు. అది న్యాయమే.

నన్ను ఆ పెట్టెలోకి మళ్లీ వేయలేదు. మనవడు తెల్ల రంగుతో నా పిడి మీద "ఇంచీ" అని రాసి, విడిగా మేకుకు తగిలించాడు. నాకు ఉద్యోగం పోయిందనుకునేవాళ్లు ఇళ్లలో కుళాయిల దగ్గరికి వెళ్లి చూడాలి. ఆ పైపుల మర ఇప్పటికీ విట్‌వర్త్ 55 డిగ్రీలదే.

ఆ వారంలోనే మామ్మ లోపలి నుంచి పిలిచింది, తన కుట్టు మిషను కాలు ఊగుతోందని. మనవడు నట్టు దగ్గర కూర్చుని, ముందు కొలబద్ద పెట్టి చూసి, "తాతా, ఇది రెండు సూతులదేనా?" అని అడిగాడు. "పెట్టి చూడు, సందుందేమో," అన్నాడు తాత. నా మొదటి నోరు ఆ నట్టు మీద కూర్చుంది. సందు లేదు. వాడు బిగించాడు.