కోడి మాది, వాటా ఊరందరిది

భూమికి పట్టా ఉంటుంది, బండికి ఆర్‌సీ ఉంటుంది, ఆవుకి సైతం చెవిలో పన్నెండంకెల పసుప్పచ్చ బిళ్ళ ఉంటుంది. కోడికి మాత్రం ఏ కాగితమూ లేదు. అందుకే కాబోలు, మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరటికోడి ఫలానావాళ్ళదే అని తేల్చగల మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. డబ్బు పెట్టి కొనేది ఒకరు, నూకలు జల్లేది ఒకరు, అది గుడ్డు పెట్టేది పొరుగింటి కట్టెల మోపులో, కూర తినేది చుట్టాలు. మధ్యలో ముంగిసకీ గెద్దకీ గ్రామదేవతకీ ఎవరి వాటా వాళ్ళకుంది.

ఎగతాళికి అంటున్న మాట కాదిది. మన్యం పల్లెల్లో కోడిని వాటాకి ఇవ్వడం ఒక పద్ధతి. పెట్ట లేని ఇంటికి పెట్ట ఉన్నవాళ్ళు ఒకదాన్ని ఇస్తారు. పెంచేది వాళ్ళు, పొదిగించేది వాళ్ళు, పిల్లలు లేచాక చెరిసగం. సంతకం లేదు, హామీదారు లేడు, వాయిదా తప్పితే ఇంటికి నోటీసు రాదు. గెద్ద తన్నుకుపోతే నష్టం ఇద్దరిదీ. రుణ పథకాలు రాసే పెద్దలు ఓసారి పార్వతీపురం వైపు వచ్చి చూసిపోతే బాగుండును.

ఈ పద్ధతి విజయనగరం పట్నం శివార్లలో ఉన్న మా పెరట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే మా అత్తయ్య గురించి చెప్పాలి.

రిటైరయ్యాక నాలుగు కోళ్ళు పెంచుదామన్న ఆలోచన నాదే. చదువుకున్నవాణ్ణి కనుక చదివే దిగాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. పెరట్లో పెంచుకునేవాళ్ళ కోసమే వాళ్ళు వనరాజా, గ్రామప్రియ అనే రకాలు తయారుచేశారు. వనరాజా గుడ్డుకీ కూరకీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్డుకి. నాటుపెట్ట ఏడాదికి అరవయ్యో డెబ్భయ్యో పెట్టే చోట గ్రామప్రియ నూట యాభై దాటిస్తుంది. ఈ లెక్కంతా పాలకొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన మా అత్తయ్యకి వివరించాను. ఆవిడ ఆసాంతం విని ఒక్కటే అడిగింది.

"గుడ్డెడతాది సరే బావూ. మరి కూకుంటాదా?"

కూర్చోదు. గుడ్లు ఎక్కువ పెట్టే వాటినే తరతరాలుగా ఎంచుకుంటూ పోయేసరికి వాటికి పొదిగే బుద్ధి దాదాపు పోయింది. పొదగడానికి కూర్చున్న పెట్ట గుడ్లు మానేస్తుంది కదా, మరి లెక్క కుదరొద్దూ.

"ఏటీ? గుడ్డెట్టీసి దాని మానాన ఎల్లిపోతాదా? అదేటి తల్లి!" అని మా ఆవిడ వైపు తిరిగి, "మీ ఆయనకి సెప్పే, కూకోని కోడిని కోడనరు" అంది. మళ్ళీ వచ్చినప్పుడు ఆర్టీసీ బస్సులో, ఒళ్ళో సంచీ, సంచీలోంచి బయటికి ఒక తల. అదొక నాటుపెట్ట. వచ్చిన ఊరు పేరే దానికి స్థిరపడింది: పాలకొండ. కట్నం కింద ఏమీ పుచ్చుకోని అల్లుణ్ణి కదా, ఇన్నాళ్ళకి అత్తవారు తలుచుకున్నారనుకుని సంబరపడుతూండగా షరతు వినపడింది. "పెట్ట నాది. నూకలు మీవి. పిల్లల్లేసినాక సెరిసగం." ఆ రకంగా సొంత ఇంట్లో, సొంత పెరట్లో, నేను కౌలుదారునయ్యాను.

కోడికి గజ్జెలు కడితే కుప్ప కుళ్ళగించడం మానుతుందా అని పెద్దలు ఊరికే అనలేదు. మా ఆవిడ పెరట్లో ఆనపపాదు, తోటకూర, కనకాంబరాలు, అన్నిటికంటే ముద్దుగా పెంచుకున్న కొత్తిమీర మడి ఉండేవి. పాలకొండ ఆ మడిలో దిగిన తీరు నేను అరుగు మీద కూర్చుని దగ్గరగా చూశాను. కుడికాలితో రెండు గీతలు, ఎడమకాలితో ఒకటి, వెనక్కి ఒక అడుగు, తల పక్కకి వంచి ఒంటికంటితో తనిఖీ. దొరికింది మింగి మళ్ళీ రెండు గీతలు. తొందర లేదు, అలసట లేదు. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి మడి ఆ కొస నుంచి ఈ కొసకి దుక్కి దున్నినట్టు తయారైంది. తరవాత కనకాంబరాల మొదట్లో గుంట తీసి, అందులో పక్కకి ఒరిగి, రెక్కల్లోకి మట్టి ఎగజల్లుకుంటూ కళ్ళు మూసుకుంది. ఒంటి మీది పేలు వదిలించుకోవడానికి కోళ్ళు చేసే మట్టిస్నానం అది, ఆరోగ్యానికి చాలా మంచిది అని మా ఆవిడకి శాస్త్రీయంగా చెప్పబోయాను. ఆవిడ చూపు చూసి శాస్త్రాన్ని అక్కడితో ఆపాను.

వెదురు దడి కట్టించాం. ఎగిరి దాటింది. ఒక పక్క రెక్క ఈకలు కొసలు కత్తిరిస్తే తూకం తప్పి ఎగరలేదని అత్తయ్య ఫోనులో చెబితే అలాగే చేశాం. ఇప్పుడు దడి కింద నుంచి దూరుతోంది.

1921లో తోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె అనే నార్వే ఆయన కోళ్ళ మీదే పరిశోధన చేసి డాక్టరేటుకి సమర్పించాడు. చిన్నప్పటి నుంచీ పెరటికోళ్ళని చూస్తూ, ఏది దేన్ని పొడుస్తోందో రాసుకునేవాడట. మందలో మొదటిది అందరినీ పొడుస్తుంది, రెండోది మొదటిదాన్ని తప్ప అందరినీ, అలా దిగుతూ దిగుతూ ఆఖరుది అందరి చేతా పొడిపించుకుంటుంది అని తేల్చాడు. మా పాలకొండ ఆ గ్రంథం చదవకుండానే అమలు చేసింది. వచ్చిన సాయంత్రమే, అంతకుముందు నేను తెచ్చుకున్న గ్రామప్రియలకి నెత్తి మీద తలా ఒక పోటు, అంతే, మళ్ళీ ఎవరూ నూకల దగ్గర ముందుకి రాలేదు. మనుషుల్లో ఈ వరస తెలుసుకోవడానికి నార్వే దాకా పోనక్కర్లేదు. కోడికూర వండిన రోజు తొడ ముక్క ఎవరి కంచంలో పడిందో చూస్తే చాలు. నాకు మెడ వస్తోంది.

కోళ్ళ విషయంలో నవ్వుకి తావులేనిది ఒక్కటే, కొక్కెర తెగులు. ఆకుపచ్చగా తెల్లగా పారుకుంటాయి, నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తాయి, మెడ తిరిగిపోతుంది. ఒక పెరట్లోకి వచ్చిందంటే చూస్తూండగానే వీధి వీధీ తుడిచిపెట్టుకుపోతుంది. 1926 ప్రాంతాల్లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పట్టుబడింది కనుక ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఆ వెంటనే మన హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనబడింది కనుక మన పశువైద్యులు రాణిఖేత్ అంటారు. ఆఖరికి జబ్బు మీద కూడా రెండు ఊళ్ళకి వాటా. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. మొదటి వారంలోనే లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వెయ్యాలి. పిల్లని గుప్పిట్లో పట్టుకుని తల పక్కకి తిప్పితే చుక్క కంటి మీద బుడగలా నిలుస్తుంది. అది రెప్ప వేసి లోపలికి తీసుకునేదాకా వదలకూడదు. చిక్కల్లా సీసాతోనే. ఎంత చిన్నదైనా వంద కోళ్ళకి వస్తుంది, ఐసులో పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. మనకున్నవేమో గంపెడు కూడా లేవు. కాబట్టి మందు కలిపిన రోజున వీధిలో వాళ్ళంతా తలో గంపా పట్టుకుని మా అరుగు మీదకి వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా, పెరడంతా చూసి, ఏ కోడి ఎప్పుడు కోతకొస్తుందో అంచనా వేసి మరీ పోతారు.

వేసవిలో పాలకొండ పొదుగుకొచ్చింది. దగ్గరికెళితే ఈకలు బుర్రున పెంచి గుర్రుమంటోంది. గంపలో ఊక పోసి, గుడ్లు పేర్చి, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనప మేకూ బొగ్గు ముక్కా పెట్టించింది అత్తయ్య. మేకుకీ మెరుపుకీ సంబంధమేమిటో నేనడగలేదు. వారం తిరిగాక చీకటిగదిలో గుడ్డు వెనక సెల్‌ఫోను లైటు పెట్టి చూశాను. పిల్ల ఉన్న గుడ్డులో సన్నని ఎర్రటి నరాలు అల్లుకుని మధ్యలో ఒక చుక్క కదులుతోంది. చూస్తున్నంతసేపూ పాలకొండ నా మోచెయ్యి పొడుస్తూనే ఉంది. ఇరవయ్యొకటో రోజుకి తొమ్మిది పిల్లలు లేచాయి.

తొమ్మిది అన్నది వాటాలకి పనికొచ్చే అంకె కాదు. నాలుగు అత్తయ్యవి, నాలుగు మావి. తొమ్మిదోదాని మీద పేచీ మొదలైంది. పెట్ట నాది కనుక నాదే అని ఆవిడ. నూకలు మావి అని నేను. ఈలోగా వెనకవీధి కిరాణాకొట్టు ఆసామి వచ్చాడు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది కానీ ఆ గుడ్లలోంచి పిల్లలు రావు గదా, మరి గోడ దూకి వచ్చిందెవరి పుంజు, తండ్రి తరఫున మాకేమీ లేదా అన్నాడు. న్యాయమే. పక్కింటి లెక్కల మేష్టారు కూడా దస్త్రం తెరిచారు. పిల్లలకి చెదలు పట్టడానికి పేడా గడ్డీ కుక్కి తడిపిన కుండని అత్తయ్య బోర్లించింది ఆయన గోడవారనే.

"చెదలు మా స్థలంలోవి కదండీ," అన్నారాయన, మర్యాదగానే.

అత్తయ్య ఒక్క నిమిషం ఆలోచించింది. "తొమ్మిదోది అమ్మోరికి మొక్కీసినాను" అంది. ఎప్పుడు మొక్కిందో అమ్మవారికే తెలియాలి. వాదించే నోళ్ళన్నీ మూతపడ్డాయి. ఆవిడ కన్నవారి ఊళ్ళో అమ్మవారి సంబరం మూడేళ్ళకోసారి. పోయినది ఈమధ్యే అయింది.

ఆ తొమ్మిదోదే పుంజై కూర్చుంది. మెడ మీద పసుపు, తోకలో నలుపు, కాళ్ళు వెదురుకర్రలు. సంక్రాంతి దగ్గరపడేసరికి ముఖపరిచయం లేనివాళ్ళు కూడా గోడ మీంచి చూసి, నెమలంటే కాదు కౌజు అని కుక్కుట శాస్త్రం విప్పుతున్నారు. పందేలు చట్టరీత్యా నేరం అంటే, "మేం చూట్టానికే కదండీ" అంటారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధానికి కోడిపందెం రేపిన పగ కూడా ఒక కారణమని మా వైపు కథగా చెప్పుకుంటారు. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు, కానీ తొమ్మిదో పిల్ల పంచాయితీ చూసినవాణ్ణి, నేను కొట్టిపారెయ్యలేను.

ఇప్పుడది కూస్తోంది. తెల్లారకముందే. కోడి వెలుతురు చూసి కుయ్యదు, దాని ఒంట్లోని గడియారమే లేపుతుంది అని 2013లో జపాన్‌లోని నగోయా శాస్త్రవేత్తలు రుజువు చేశారు. నాలుగు పుంజులుంటే మందలో పెద్దది కూశాకే మిగతావి వరసగా కూస్తాయనీ తరవాత తేల్చారు. మా పెరట్లో ఉన్నది ఒక్కటే కనుక పెద్దరికానికి పోటీ లేదు. ఫ్రాన్సులో మోరిస్ అనే పుంజు మీద, దాని కూత పడలేక పొరుగువాళ్ళు కోర్టుకెక్కారు. 2019లో కోర్టు పుంజు పక్షాన నిలిచి, ఫిర్యాదు చేసినవాళ్ళ చేతే వెయ్యి యూరోలు కట్టించింది. ఆ తరవాత 2021లో పల్లె చప్పుళ్ళనీ వాసనలనీ వారసత్వంగా కాపాడే చట్టమే చేశారు. ఎందుకైనా మంచిదని ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకున్నాను.

అవసరం పడలేదు. మొన్న ఇంకా చీకటుండగానే మేష్టారు తలుపు తీసుకుని, లుంగీ ఎగగట్టి, చేతిలో కర్రతో గోడ దగ్గరికి వచ్చారు. పుంజు గోడ మీదే నిలబడి ఆయన మొహంలోకి చూస్తూ ఇంకోసారి కూసింది. ఆయన కర్ర ఎత్తబోయి, ఏదో గుర్తొచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించారు.

"తల్లీ, సంబరం ఇంకెన్నాళ్ళుందమ్మా?"