బ్లాక్ అండ్ వైట్ వైరాగ్యం

ఫోన్ పిచ్చికి కొత్త పథ్యం దొరికింది: స్క్రీన్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేయడం. నోటిఫికేషన్ చుక్క ఎర్రగా మెరవకపోతే వేలు అటు పోదట! ఆ ఎర్రచుక్క అంటించిందీ కంపెనీలే, దాన్ని వెలవెలబోయేలా చేసే ఆప్షన్‌ని సెట్టింగుల అట్టడుగున దాచిందీ కంపెనీలే. 2018లో గూగుల్ ఏకంగా నిద్రవేళకు స్క్రీన్ దానంతటదే రంగు వెలిసిపోయే ఏర్పాటు ప్రకటించింది. తొట్టెలో పిల్లను గిల్లి జోల పాడటమంటే ఇదే.

దీక్షాపరులూ తక్కువ తినలేదు. 'నేను మారాను' అంటూ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ స్టేటస్ పెడతారు. ఆ ఫిల్టర్ స్క్రీన్‌కే గానీ స్క్రీన్‌షాట్‌కు అంటదు. దాంతో అయ్యగారి వైరాగ్యం ఊరందరికీ పంచరంగుల్లో దర్శనమిస్తుంది! ఇక చీరల సేల్ మొదలైతే సరి, ఐఫోన్ పక్కబటన్‌కు టకటకా మూడు నొక్కులు... దీక్ష విరమణ.

అయినా రంగు లేకపోతే చూడబుద్ధి కాదన్న సిద్ధాంతం మన దగ్గర చెల్లుతుందా? 1957 నాటి 'మాయాబజార్'కు రంగులద్దింది 2010లో. అంతదాకా రెప్ప వాల్చకుండా చూసిన జనం మనం!